డేటా ఫైలు చేతికొచ్చిందా? ముందు ఒక్క వరుసలో గ్రాఫ్ గీసి చూడండి

వేల వరుసల అంకెలను కళ్లతో చదివితే ఏమీ బోధపడదు. అవే అంకెలను గీతగా గీస్తే సెన్సర్ మొరాయించి ఒకే అంకె రాస్తూ పోయిన చోటు, దశాంశ బిందువు జారిపోయిన చోటు, రెండు రోజుల లెక్క ఎగిరిపోయిన చోటు ఒక్క చూపులో దొరుకుతాయి. అందుకే సగటు తీయడానికి ముందు, మోడల్ కట్టడానికి ముందు, ఎవరికైనా పంపడానికి ముందు ఫైలుకు బొమ్మ గీసి చూడాలి. ఆ పని పది సెకన్లలో అయితే ప్రతిసారీ చేస్తారు. పది నిమిషాలు పడితే ఎగ్గొడతారు. స్ప్రెడ్‌షీట్ తెరిచి, కాలమ్‌లు ఎంచుకుని, చార్ట్ రకం వెతుక్కునే తతంగం లేకుండా టెర్మినల్‌లోనే, అంటే ఆజ్ఞలు టైప్ చేసే కిటికీలోనే, ఈ పని ముగించేందుకు గ్నూప్లాట్ చాలు. 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం ఇప్పటికీ కొత్త వెర్షన్లతో నడుస్తోంది. పేరులో గ్నూ ఉన్నా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టుతో దీనికి సంబంధం లేదు.

చదివే ముందు ఒక మాట. కింద ఆజ్ఞలన్నీ పలికే తీరులో తెలుగు లిపిలో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెప్పాం. గుర్తులు, అంకెలు, కొటేషన్లు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. ఫైళ్ల పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచుకోవచ్చు, లినక్స్‌కు అభ్యంతరం లేదు.

ఇన్‌స్టాల్ చేసుకోవడం

ఉబుంటు, డెబియన్‌లలో:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గ్నూప్లాట్

ప్రోగ్రాం పేరును జి, ఎన్, యు అక్షరాల వెంటనే ప్లాట్ చేర్చి, ఖాళీ లేకుండా ఒకే మాటగా కొట్టాలి. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉంటే బ్రూ ఇన్‌స్టాల్ అని అదే పేరు ఇవ్వండి. విండోస్ వాడేవారు డబ్ల్యుఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు పెట్టుకుంటే ఇక్కడి వరుసలన్నీ మార్పు లేకుండా పనిచేస్తాయి. తెర లేని సర్వర్ మీదయితే ప్యాకేజీ పేరు చివర హైఫన్, నోఎక్స్ చేర్చిన చిన్న ప్యాకేజీ సరిపోతుంది. పెట్టాక గ్నూప్లాట్ --వెర్షన్ అని అడిగి చూడండి. 5.2 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉంటే కింద చెప్పినవన్నీ నడుస్తాయి.

సాధనకు ఒక ఫైలు

మట్టాలు అనే పేరుతో ఈ ఫైలు తయారుచేసుకోండి. శ్రీశైలం జలాశయానికి వరద వచ్చే రోజుల్లో పత్రికల్లో కనిపించే పట్టిక లాంటిదే ఇది. అంకెలు మాత్రం సాధన కోసం వేసినవి, రికార్డులు కావు. మట్టం అడుగుల్లో, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో క్యూసెక్కుల్లో ఉన్నాయి.

తేదీ మట్టం ఇన్‌ఫ్లో ఔట్‌ఫ్లో
01-08-2025 868.4 142000 38000
02-08-2025 871.9 185000 38000
03-08-2025 876.0 231000 62000
04-08-2025 879.8 246000 74000
05-08-2025 882.3 238000 118000
06-08-2025 883.6 264000 221000
07-08-2025 883.9 251000 246000

కాలమ్‌ల మధ్య ఒక ఖాళీ ఉన్నా పది ఉన్నా, ట్యాబ్ ఉన్నా గ్నూప్లాట్‌కు ఒకటే. # తో మొదలైన వరుసను వదిలేస్తుంది. అనుమానం ఉన్న వరుసను చెరిపేయకుండా దాని ముందు # పెట్టి పక్కన పెట్టొచ్చు. ఒక ఖాళీ వరుస వదిలితే గీత అక్కడ తెగుతుంది. వరుసగా రెండు ఖాళీ వరుసలు వదిలితే అక్కడి నుంచి వేరే డేటా సెట్‌గా లెక్క.

మొదటి గీత

గ్నూప్లాట్ -పి -ఇ 'ప్లాట్ "మట్టాలు" స్కిప్ 1 యూజింగ్ 0:2 విత్ లైన్స్‌పాయింట్స్'

-ఇ తర్వాత కొటేషన్లలో ఉన్నదాన్ని గ్నూప్లాట్ ఆజ్ఞగా తీసుకుంటుంది. -పి లేకపోతే కిటికీ ఇలా తెరుచుకుని అలా మూసుకుపోతుంది. మొదటిసారి వాడేవారు ప్రోగ్రాం చెడిపోయిందనుకునేది ఇక్కడే. స్కిప్ 1 అంటే పైనున్న శీర్షికల వరుసను దాటెయ్యమని. యూజింగ్ 0:2లో ముందున్నది అడ్డగీతకు (ఎక్స్ యాక్సిస్), తర్వాతిది నిలువుగీతకు (వై యాక్సిస్). సున్నా అనే కాలమ్ ఫైల్లో ఉండదు, అది వరుస సంఖ్య. తేదీల గొడవ పెట్టుకోకుండా ముందు ఆకారం చూడాలనుకున్నప్పుడు సున్నాయే దారి. లైన్స్‌పాయింట్స్ అని కలిపి ఒకే మాటగా కొట్టాలి. గీతతో పాటు చుక్కలూ పడతాయి కాబట్టి ఎక్కడ ఎన్ని రీడింగులు ఉన్నాయో తెలుస్తుంది. వేల వరుసల ఫైలుకు లైన్స్ ఒక్కటే వాడండి.

కిటికీలో జూమ్ కావాలంటే కుడి బటన్‌తో ఒక మూల నొక్కి, మౌస్‌ను ఎదురు మూలకు జరిపి, ఎడమ బటన్ నొక్కండి. యు కొడితే వెనక్కి వస్తుంది, జి కొడితే గళ్లు వస్తాయి, ఎల్ కొడితే నిలువుగీత లాగ్ స్కేలుకు మారుతుంది. అయితే -పి తో తెరిచిన కిటికీ వెనక గ్నూప్లాట్ అప్పటికే ముగిసిపోయి ఉంటుంది కనుక ఇవన్నీ సరిగా పనిచేయవు. తీరిగ్గా జూమ్ చేసి చూడాలంటే -పి తీసేసి, ఆజ్ఞ చివర సెమీకోలన్ పెట్టి పాజ్ మౌస్ క్లోజ్ అని చేర్చండి. కిటికీ మూసేదాకా ప్రోగ్రాం బతికే ఉంటుంది.

కొటేషన్ల దగ్గర జాగ్రత్త

బయట ఒంటి కొటేషన్, లోపల జంట కొటేషన్. ఈ అలవాటు మొదటి రోజే చేసుకోండి. తిరగేసి రాస్తే మామూలు ఆజ్ఞలు నడుస్తాయి గానీ, కాలమ్ మీద లెక్క వేసేందుకు $3 అని రాసిన రోజున దెబ్బతింటారు. బయట జంట కొటేషన్ ఉంటే ఆ $3ని షెల్ (టెర్మినల్‌లో మన ఆజ్ఞలు అందుకునే ప్రోగ్రాం) తన సొంత వేరియబుల్ అనుకుని, దాని విలువ ఖాళీ కనుక ఖాళీగానే గ్నూప్లాట్‌కు అందిస్తుంది. తప్పు ఎక్కడుందో తెరమీద కనిపించదు.

లెక్క వేయాలంటే బ్రాకెట్ తప్పనిసరి. ఇన్‌ఫ్లోను లక్షల క్యూసెక్కుల్లో చూపాలంటే యూజింగ్ 0:($3/100000) అని రాయాలి. బ్రాకెట్ లేకపోతే ఆ అంకె కాలమ్ సంఖ్య అయిపోతుంది. ఇంకో ఉచ్చు పూర్ణాంకాల భాగహారం. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మారుస్తూ (5/9)*($2-32) అని రాస్తే గీత సున్నా మీద బల్లపరుపుగా పడుకుంటుంది, ఎందుకంటే 5/9 పూర్ణాంకాల లెక్కలో సున్నా. 5.0/9 అని రాయండి.

కామాల ఫైలు

సిఎస్‌వి ఫైలును, అంటే కాలమ్‌ల మధ్య కామాలున్న ఫైలును, నేరుగా ఇస్తే, సరైన డేటా బిందువులేవీ దొరకలేదని ఒక హెచ్చరిక, దాని వెనకే అడ్డగీత పరిధి చెల్లదనో, నిలువు విలువలు నిర్వచితం కాలేదనో ఒక ఎర్రర్ వస్తాయి. ఫైలు నిక్షేపంగానే ఉంటుంది. కామా దగ్గర విడగొట్టమని గ్నూప్లాట్‌కు మనమే చెప్పలేదు. ప్లాట్‌కు ముందు ఇది చేర్చండి:

సెట్ డేటాఫైల్ సెపరేటర్ ",";

మన ప్రభుత్వ శాఖల పట్టికల్లో, ఎక్సెల్ నుంచి తీసిన ఫైళ్లలో మరో చిక్కు ఉంటుంది. 2,46,000 అని లక్షల పద్ధతిలో కామాలు పెట్టి ఇస్తారు. అంకె లోపలి కామాను గ్నూప్లాట్ అర్థం చేసుకోదు. ఖాళీలతో విడగొట్టిన ఫైలైతే టిఆర్ అనే ఆజ్ఞకు -డి ',' ఇచ్చి కామాలన్నీ తుడిచేయండి. సిఎస్‌వి అయితే తుడిస్తే కాలమ్‌లే పోతాయి. అప్పుడు స్ప్రెడ్‌షీట్‌లోనే సెల్ ఫార్మాట్‌ను మామూలు సంఖ్యగా మార్చి మళ్లీ సేవ్ చేయడం ఉత్తమం.

తేదీలు

ఎక్కువ మంది చేతులెత్తేసేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం. నాలుగైదు వరుసల ఆజ్ఞలను ఒంటి కొటేషన్లలో ఇరికించడం కన్నా, గీత అనే ఫైల్లో ఇలా రాసుకుని, గ్నూప్లాట్ -పి గీత అని నడపండి.

సెట్ ఎక్స్‌డేటా టైమ్
సెట్ టైమ్‌ఎఫ్ఎంటి "%డి-%ఎం-%వై"
సెట్ ఫార్మాట్ ఎక్స్ "%డి/%ఎం"
సెట్ వైరేంజ్ [860:890]
ప్లాట్ "మట్టాలు" స్కిప్ 1 యూజింగ్ 1:2 విత్ లైన్స్‌పాయింట్స్ టైటిల్ "మట్టం", 885 టైటిల్ "పూర్తిస్థాయి"

వై పెద్దక్షరం, మిగతావి చిన్నవి. పెద్ద వై అంటే 2025 లాంటి నాలుగంకెల సంవత్సరం, చిన్న వై అంటే 25 లాంటి రెండంకెలది. చిన్న ఎం నెల, పెద్ద ఎం నిమిషం. ఈ రెంటినీ తారుమారు చేస్తే ఎర్రర్ రాదు. అన్ని నెలల తేదీలూ జనవరిలోకి వచ్చి పడి, గీత ముందుకీ వెనక్కీ పిచ్చిగా తిరుగుతుంది. అలాంటి బొమ్మ కనిపిస్తే ముందు ఈ అక్షరాన్నే అనుమానించండి. అది సరిగానే ఉంటే, ఫైల్లో తేదీలు వరుసక్రమంలో లేవేమో చూడండి. స్మూత్ యునీక్ అని చేర్చితే గ్నూప్లాటే క్రమంలో పెట్టి, ఒకే తేదీకి రెండు విలువలుంటే వాటి సగటు తీసుకుంటుంది.

తేదీలు వాడేటప్పుడు యూజింగ్ రాయకుండా తప్పించుకోలేరు. రాయకపోతే పూర్తి యూజింగ్ కావాలని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తేదీ, సమయం మధ్య ఖాళీ ఉన్న ఫైల్లో లెక్క మారుతుందని కూడా గుర్తుంచుకోండి. 01-08-2025 06:00:00 871.2 అనే వరుసలో తేదీ ఒక కాలమ్, సమయం ఇంకో కాలమ్. కాబట్టి మట్టం మూడోది. యూజింగ్ 1:3 అని రాసి, టైమ్‌ఎఫ్ఎంటిలో తేదీ తర్వాత ఖాళీ వదిలి %హెచ్:%ఎం:%ఎస్ చేర్చండి. ఈ మూడూ పెద్దక్షరాలే.

ప్రోగ్రాములు తాము చేసిన పనులను రాసిపెట్టే లాగ్ ఫైళ్లలో సమయం 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో ఉంటే, వెర్షన్ 5 నుంచి గ్నూప్లాట్ కూడా అక్కడి నుంచే లెక్కిస్తుంది కనుక ఇబ్బంది లేదు. కానీ చూపించేది యుటిసి సమయం, అంటే మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనకది. ఉదయం తొమ్మిదికి జరిగినది మూడున్నరకు జరిగినట్టు కనిపిస్తుంది. యూజింగ్ ($1+19800):2 అని రాయండి. 19800 అంటే ఐదున్నర గంటల సెకన్లు.

885 అని రాసిన చోట ఆ ఎత్తున ఒక అడ్డగీత పడుతుంది. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. నాగార్జునసాగర్ ఫైలైతే 590 పెట్టండి. హద్దు గీత లేకుండా మట్టం గ్రాఫ్ చూస్తే పెరిగిందన్న సంగతే తెలుస్తుంది, ఇంకెంత మిగిలిందో తెలియదు. ఇక వైరేంజ్, అంటే నిలువుగీత పరిధి సంగతి. మట్టం లాంటి వాటికి సున్నా నుంచి మొదలుపెడితే గీత పైకప్పుకు అతుక్కుని అర్థం లేకుండా పోతుంది. ఇన్‌ఫ్లో, వాన, అమ్మకాలు లాంటి పరిమాణాలకు మాత్రం సున్నా నుంచే మొదలుపెట్టాలి. లేకపోతే కొద్దిపాటి తేడా కొండంత కనిపిస్తుంది. గ్నూప్లాట్ ఈ విచక్షణ చూపదు, ఉన్న విలువలకు సరిపడా పరిధి తీసుకుంటుంది. పరిధి మీరే ఇవ్వండి.

మట్టం ఒక పక్క, వరద ఒక పక్క

అడుగులనూ క్యూసెక్కులనూ ఒకే కొలబద్ద మీద గీస్తే మట్టం గీత నేలకు అంటుకుపోతుంది. కుడివైపు రెండో నిలువుగీత పెట్టాలి. పై ఫైల్లో ప్లాట్ వరుస తీసేసి ఇది రాయండి:

సెట్ వైటిక్స్ నోమిర్రర్
సెట్ వై2టిక్స్
సెట్ వై2రేంజ్ [0:*]
ప్లాట్ "మట్టాలు" స్కిప్ 1 యూజింగ్ 1:2 విత్ లైన్స్ టైటిల్ "మట్టం", "" స్కిప్ 1 యూజింగ్ 1:($3/100000) యాక్సిస్ ఎక్స్1వై2 విత్ ఇంపల్సెస్ టైటిల్ "ఇన్‌ఫ్లో, లక్షల క్యూసెక్కులు"

ఖాళీ జంట కొటేషన్లు అంటే మళ్లీ అదే ఫైలని. ఇక్కడ యాక్సిస్ మాటను బహువచనంగా, ఇ, ఎస్‌లతో ముగించి రాయాలి. స్కిప్ ప్రతి ముక్కకూ విడిగా ఇవ్వాలి, మొదటి ముక్కకు ఇచ్చింది రెండోదానికి వర్తించదు.

కాలమ్‌లు ఎక్కువుంటే ఒక్కోటీ రాయక్కర్లేదు:

ప్లాట్ ఫర్ [ఐ=3:4] "మట్టాలు" యూజింగ్ 1:ఐ విత్ లైన్స్ టైటిల్ కాలమ్‌హెడ్(ఐ)

కాలమ్‌హెడ్ వాడితే శీర్షికల వరుసను గ్నూప్లాట్ తానే చదువుకుని పేర్లుగా వేస్తుంది. దీంతో పాటు స్కిప్ 1 కూడా పెడితే శీర్షిక ఎగిరిపోయి మొదటి రోజు అంకెలే పేర్లవుతాయి. రెంటిలో ఒకటే వాడండి.

చెడ్డ రీడింగులు

సెన్సర్ పనిచేయనప్పుడు 0 అనో, -999 అనో రాసే పరికరాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక్క విలువ చాలు, గ్రాఫ్ మొత్తం నలిగిపోవడానికి. యూజింగ్‌లోనే వడకట్టండి:

యూజింగ్ 1:($2 > 0 ? $2 : ఎన్‌ఏఎన్)

చివరి మాటలో మొదటి ఎన్, చివరి ఎన్ పెద్దవి, మధ్య ఏ చిన్నది. అలాంటి చోట గీత తెగుతుంది, తెగాలి కూడా. లేని రీడింగును గీతతో కలిపేస్తే చూసేవాళ్లు అక్కడా కొలిచారనుకుంటారు. తారీఖే లేని రోజుల మీదుగా గీత నేరుగా సాగిపోతుంది కాబట్టి అలాంటి చోట ఫైల్లో ఒక ఖాళీ వరుస పెట్టండి.

కనిష్ఠం, గరిష్ఠం, సగటు కావాలంటే స్టాట్స్ "మట్టాలు" స్కిప్ 1 యూజింగ్ 2 అని అడగండి. టైమ్ మోడ్‌లో స్టాట్స్ పనిచేయదు, కాబట్టి ఎక్స్‌డేటా వరుసకు ముందే అడగాలి. విలువలు ఎలా పరుచుకున్నాయో చూడాలంటే యూజింగ్ 2 బిన్స్=20 విత్ బాక్సెస్ సరిపోతుంది, ఇదీ టైమ్ పెట్టక ముందే.

ఫైలు కూడా లేకుండా

వేరే ఆజ్ఞ నుంచి వచ్చేదాన్ని నేరుగా గీయొచ్చు. మెషీన్ మీద ప్రాసెసర్ ఎంత పనిచేస్తోందో ఒక నిమిషం పాటు చూడాలంటే:

విఎంస్టాట్ -ఎన్ 1 60 | గ్నూప్లాట్ -పి -ఇ 'ప్లాట్ "<క్యాట్" స్కిప్ 3 యూజింగ్ 0:13 విత్ లైన్స్'

13వ కాలమ్ యూజర్ ప్రోగ్రాములు వాడిన శాతం. -ఎన్ పెట్టకపోతే శీర్షికలు మధ్యమధ్యలో మళ్లీ వస్తుంటాయి. స్కిప్ 3 ఎందుకంటే, రెండు శీర్షికల తర్వాత వచ్చే మొదటి వరుస మెషీన్ ఆన్ అయినప్పటి నుంచి సగటు, ఈ నిమిషానికి సంబంధించింది కాదు. ఈ పద్ధతిలో డేటా ఒక్కసారే ప్రవహించి పోతుంది. మళ్లీ గీయాలంటే ఉండదు. ముఖ్యమైనదైతే మధ్యలో టీ అనే ఆజ్ఞ పెట్టి ఫైల్లోకి కూడా ఒక కాపీ పంపండి.

కొటేషన్ లోపల < తర్వాత ఏ ఆజ్ఞైనా ఇవ్వొచ్చు. కుదించిన లాగ్‌కు "<జెడ్‌క్యాట్ లాగ్", చివరి ఐదొందల వరుసలకు "<టెయిల్ -ఎన్ 500 లాగ్".

సర్వర్ మీద, తెర లేని చోట

ఎస్ఎస్‌హెచ్‌తో దూరంలోని సర్వర్‌లోకి వెళ్లి పనిచేస్తున్నప్పుడు కిటికీ కోసం తంటాలు పడొద్దు. ప్లాట్ ముందు సెట్ టెర్మ్ డంబ్ సైజ్ 100,30; అని పెడితే అక్షరాలతోనే గ్రాఫ్ టెర్మినల్‌లో పడుతుంది. సైజు ఇవ్వకపోతే 79 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు తీసుకుంటుంది. ముతకగా ఉన్నా, డిస్క్ ఎప్పుడు నిండడం మొదలైందో, రాత్రి ఏ వేళ లోడ్ పెరిగిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా అక్కర్లేదు. ఈ అక్షరాల గ్రాఫ్‌లో తెలుగు పేర్లు అడ్డదిడ్డంగా పడతాయి, నోటైటిల్ అని పెట్టేయండి.

ఇంకొకరికి పంపే బొమ్మ

సెట్ ఎన్‌కోడింగ్ యుటిఎఫ్8
సెట్ టెర్మ్ పిఎన్‌జికైరో సైజ్ 1200,700 నోఎన్‌హాన్స్‌డ్ ఫాంట్ "నోటో శాన్స్ తెలుగు,14"
సెట్ ఔట్‌పుట్ "మట్టం.పిఎన్‌జి"

ఇవి ప్లాట్‌కు ముందు, అన్‌సెట్ ఔట్‌పుట్ ప్లాట్ తర్వాత. ఆ చివరిది మరిచిపోయి గ్నూప్లాట్ లోపలే ఉండి ఫైలు తెరిస్తే ఖాళీగానో సగంగానో కనిపిస్తుంది. ఫాంట్ పేరులోని మూడు మాటల మొదటి అక్షరాలు పెద్దవి. ఎఫ్‌సి-లిస్ట్ :లాంగ్=టిఇ అని అడిగితే మీ మెషీన్‌లో తెలుగు రాయగల ఫాంట్లన్నీ చూపిస్తుంది. ఒక్కటీ లేకపోతే డెబియన్, ఉబుంటుల్లో ఫాంట్స్-టిఇఎల్‌యు అనే ప్యాకేజీ పెట్టుకోండి. పేర్ల బదులు డబ్బాలు వస్తే కారణం ఫాంట్ లేకపోవడమే. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడితే మీరు ఉత్త పిఎన్‌జి టెర్మినల్ వాడి ఉంటారు. కైరో ఉన్నది అక్షరాలు కూర్చే పనిని ప్యాంగో అనే లైబ్రరీకి అప్పగిస్తుంది, అందుకే "శ్రీశైలం" సవ్యంగా వస్తుంది.

నోఎన్‌హాన్స్‌డ్ పెట్టింది అండర్‌స్కోర్ కోసం. అది లేకపోతే ఫైలు పేరులో అండర్‌స్కోర్ తర్వాతి అక్షరం కిందికి జారి చిన్నదవుతుంది.

రోజూ వాడేదైతే

గీత ఫైల్లో "మట్టాలు" అన్న చోట కొటేషన్లు తీసేసి ఆర్గ్1 అని, మూడక్షరాలూ పెద్దవిగా రాసి, గ్నూప్లాట్ -పి -సి గీత మట్టాలు అని నడపండి. రేపు ఇంకో ఫైలు పేరు ఇస్తే చాలు. గళ్లు, ఫాంట్ లాంటి ఇష్టాలు ప్రతిసారీ రాయకుండా హోం డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే .గ్నూప్లాట్ ఫైల్లో పెట్టుకోవచ్చు. కానీ టైమ్‌ఎఫ్ఎంటి, సెపరేటర్ అందులో పెట్టొద్దు. ఆరు నెలల తర్వాత వేరే ఫైలు ఎందుకు గీయడం లేదో తెలియక గంటలు పోతాయి.

పెరుగుతూ ఉన్న లాగ్‌ను కదులుతున్న గ్రాఫ్‌గా చూడాలంటే ఇంత చాలు:

గ్నూప్లాట్ -ఇ 'వైల్ (1) { ప్లాట్ "<టెయిల్ -ఎన్ 300 లాగ్" యూజింగ్ 0:2 విత్ లైన్స్; పాజ్ 2 }'

రెండు సెకన్లకోసారి చివరి మూడొందల వరుసలు కొత్తగా పడతాయి. ఆపాలంటే టెర్మినల్‌లో కంట్రోల్ సి. వైరేంజ్ ఇవ్వకపోతే ప్రతి రెండు సెకన్లకూ కొలబద్ద మారుతూ కళ్లు తిరుగుతాయి. ముందుగా ఒకసారి స్టాట్స్ అడిగి, కనిష్ఠ గరిష్ఠాలకు కాస్త అటూ ఇటూగా పరిధి బిగించి అప్పుడు వదలండి.